జారుముడి

వీరేశం నిచ్చెన మీద నిలబడి ఇనుప గొట్టానికి తాడు చుట్టి, కొస మడిచి దోపాడు. తాళ్లు గుంజీ గుంజీ అతని అరచేతులు కాయలు కాశాయి. ఎల్.బి.నగర్ టెంట్‌హౌస్‌లో చేరిన నాటినుంచి ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని దినాలకు పందిళ్లు వేశాడో లెక్క లేదు. రెండింటికీ ఒకటే ముడి, జారుముడి. పొద్దున వేస్తే మాపటికి ఒక్క గుంజుకు ఊడిరావాలి. గట్టిముడి వేసేవాణ్ణి టెంట్‌హౌస్‌లో పనివాడనరు.

ఇవాళ్టి పని మాత్రం విడ్డూరం. దిల్‌సుఖ్‌నగర్‌లో మూతపడ్డ కోచింగ్ సెంటర్ హాల్లో బిందుమాధవి అనే ఆర్టిస్టు సాయంత్రం ప్రదర్శన పెడుతోంది. నల్లతెరలోంచి పది తాళ్లు వేలాడతాయి. ముందు ఒక షాబాద్ బండ, దానికి సరిగ్గా పైన ఇసుక నింపిన కుండ. వచ్చినవాళ్లు తమకిష్టమైన వస్తువును బండ మీద పెట్టి ఏదో ఒక తాడు లాగాలి. తొమ్మిది తాళ్లు తెర వెనక గొట్టానికి గట్టిగా కట్టేసి ఉంటాయి. పదోది కుండను మోసే జారుముడి కొస. దాన్ని లాగితే వస్తువు నుగ్గునుగ్గే.

"ఇష్టమున్న సామాను ఎవరన్న పలగ్గొట్టుకుంటరా మేడం?"

"పగలకపోవచ్చు కదండీ! లాగేదాకా ఎవరికీ తెలీదు. అందుకే లాగుతారు," అని నవ్విందామె. ఒక తాడు లాగి చూసి, "అయ్యయ్యో, ఇది ఊడొచ్చేస్తోందేంటండీ?" అంది.

అలవాటు చొప్పున పదింటికీ జారుముళ్లే వేసేశాడు. వీరేశం నాలుక కరుచుకున్నాడు. "చెయ్యి గట్లనే పోయింది మేడం," అని కుండ తాడు వదిలి మిగతావి ఒక్కొక్కటే విప్పి గట్టిముళ్లు వేశాడు. తర్వాత ఆమె తెర వెనక్కి వెళ్లి, తోచిన కొసను తోచిన రంధ్రంలోంచి బయటికి తోసింది. ఏది ఏ తాడో ఇక ఇద్దరికీ తెలియదు.

అతని మనసు పొద్దుటినుంచీ అక్కడ లేదు. భార్య పూలమ్మకు ఎల్.బి.నగర్ దవాఖానలో గుండె ఆపరేషన్ జరుగుతోంది. పదిమందిలో ఒకరికి కష్టమవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. కూతురు ప్రవీణ బయట కూర్చుంది. వీరేశమూ కూర్చునేవాడే, పూలమ్మ ఊరుకుంటేనా! "ఈడ నా మొఖం జూసుకుంట కూసుంటే ఏమొస్తది? ఒప్పుకున్న పని జేసి రాపో," అని తరిమింది. ఆమె గొంతు లేస్తే గల్లీ అంతా లేవాల్సిందే. ఆ గొంతంటే అతనికి ప్రాణం.

బిందుమాధవి భోజనానికి కిందికి వెళ్లింది. ఖాళీ హాల్లో పది తాళ్లు కదలకుండా వేలాడుతున్నాయి. పదిలో ఒకటి.

జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. ఆపరేషన్‌కు ముందు నర్సు తీయించిన పూలమ్మ మట్టిగాజులు. వాటిని బండ మీద పెట్టాడు. తెర ఎత్తి చూస్తే తెలిసేదే, కానీ చూసి లాగితే దేవుణ్ణి మోసం చేసినట్టే. కళ్లు మూసుకుని, మూలనున్న తాడు పట్టి గుంజాడు.

తాడు ఊడి చేతిలోకి వచ్చింది.

చప్పుడేమీ కాలేదు. కళ్లు తెరిస్తే కుండ పైనే ఉంది. తొమ్మిదింట్లో ఒకదానికి ముడి మార్చడం మరిచాడు, అంతే. గెలిచాడో ఓడాడో అర్థం కాలేదు. ఊడిందయితే ఊడింది. "గాజులు పలగలే గద! ఇంకేంది?" అని తనకు తనే చెప్పుకున్నాడు. నవ్వొచ్చింది, ఆ వెనకే కన్నీళ్లొచ్చాయి. పూలమ్మకు చెబితే గల్లీ దద్దరిల్లేలా తిడుతుందనుకున్నాడు.

ఫోను మోగింది. ప్రవీణ.

"నాయినా... అమ్మ లేవలే."

"వస్తున్న బిడ్డా," అన్నాడు. చేతిలో తాడు ఎప్పుడు జారిందో, మెట్లెలా దిగాడో తెలియదు. ఆటోలో ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఇందాకే కదా నవ్వాడు! ఆమె ఏ నిమిషాన పోయిందో అడగడానికి భయమేసింది.

దవాఖానలో పూలమ్మ నుదుట రూపాయంత బొట్టు పెట్టారు. ఆమె అక్క అండాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ముత్తైదువ పోయింది మరిదీ, ఉత్త చేతులతోని పంపొద్దు. గాజులేవి?"

వీరేశం జేబు తడుముకున్నాడు. చేతిరుమాలు కూడా లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ పాటికి జనం రావడం మొదలైంది. కుండ కింద, బండ మీద, ఆకుపచ్చ గాజులు ఒక్కటీ చిట్లకుండా ఉన్నాయి.