మూల కుర్చీ

మొదటి టికెట్టు పంపేసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, చెవి వంటగది వైపు వేశాడు టికెట్ల మనిషి. ఉప్పు డబ్బా పక్కన చార్జింగులో ఉన్న ఇంకో ఫోను ఒక్కసారి కుయ్యిమంది.

"వచ్చింది," అన్నాడు మామగారు లోపలి నుంచి.

అంతే. ఇక అందరికీ పంపొచ్చు.

చిన్న చిన్న హాళ్లు అద్దెకు తీసుకుని పాటలో, మిమిక్రీయో పెట్టించి ఆన్‌లైన్‌లో టికెట్లమ్మడం అతని పని. ముందే పంపితే చేతులు మారతాయని ఆట రోజు పొద్దున్నే పంపుతాడు. మొట్టమొదటి ఆటకి హాలు పేరు తప్పు పడి, జనమంతా ఊరి అటు చివరికి పోయి తిట్టిపోశారు. అప్పటినుంచీ ముందు ఒక టికెట్టు భార్య ఫోనుకు పంపి చూసుకోవడం అలవాటు. ఏ హాల్లోనైనా స్తంభమో గోడో అడ్డమని ఎవరూ కొనని ఆఖరి వరస మూల కుర్చీ ఆమెది. ఆమె పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుని, తేదీ, హాలు పేరూ చదివి, "వచ్చింది" అనేది. తర్వాత అతను దాన్ని రద్దు చేసేవాడు.

పోయినేడు ఆమె పోయింది. ఆ తర్వాతి ఆటకి చెయ్యి అలవాటున పంపేసింది. వంటగదిలో ఆమె ఫోను కుయ్యిమంది. అతను కుర్చీలోంచి లేవలేకపోయాడు. అప్పుడు లోపలి గదిలోంచి, కూతురు పోయాక కూడా అక్కడే ఉండిపోయిన మామగారి గొంతు వినిపించింది. "వచ్చింది."

ఆ ఇంట్లో మగవాళ్లిద్దరి మధ్యా మిగిలిన మాట అదొక్కటే.

ఈ పొద్దున అతని చెల్లెలు వచ్చేసరికి వంటగదిలో వదిన ఫోను ఇంకా వెలుగుతోంది. చూసి నొసలు చిట్లించింది.

"మళ్లీనా అన్నయ్యా? పోయిన మనిషికి టికెట్లేంటి? నా ఫోనుకు పంపు, నాకూ చదువొచ్చు."

"ఈసారికి."

"పోయినసారీ ఇదే పాట."

"ఈసారితో ఆ నంబరు తీయించేస్తా. ఒట్టు."

లోపల మంచం కిర్రుమంది. మామగారు విన్నాడో లేదో తెలియలేదు.

అందరికీ పంపేసిన కాసేపటికి ఎవరో పెద్దావిడ ఫోను. టికెట్టు రాలేదట.

"ఏ నంబరిచ్చారమ్మా?"

"మా ఆయనది."

"ఆయన్నోసారి చూడమనండి."

"ఆయనతో నాకు మాటల్లేవయ్యా. నువ్వే అడుగు."

చెల్లెలు పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూనే భార్య టికెట్టు తెరిచి, రద్దు దగ్గర వేలు పెట్టాడు. ఇదే ఆఖరిది కదా అనిపించింది. వేలు తీసేశాడు.

సాయంత్రం ముందు గేటు దగ్గర చెల్లెలు, పక్క గేటు దగ్గర హాలు కాపలావాడు టికెట్లు చూస్తున్నారు. ఎవరు లోపలికి వచ్చినా అతని ఫోనులో వాళ్ల పేరు పచ్చబడుతుంది. ఒక్కొక్కటే పచ్చబడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. జనం పలచబడ్డాక భార్య పేరు పచ్చబడింది.

లోపలికి వచ్చారు, అని ఉంది కింద.

 గబగబా ఆఖరి వరసలో స్తంభం వెనక్కి వెళ్లాడు. కాపలావాడి స్టూలు మీద, గోడకానుకుని మామగారు కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా. జేబులో కూతురి ఫోను. పక్కన మూల కుర్చీ మీద రుమాలు పరిచి ఉంది.

"కుర్చీలో కూర్చోండి మామయ్యా. స్టూలు మీద నడుము పట్టేస్తుంది."

"అది అమ్మాయిది. టికెట్టు ఒకటే కదా బాబూ. నేను తోడొచ్చాను." కాస్త ఆయాసం తీర్చుకున్నాడు. "ఇన్నిసార్లు పంపావు, ఒక్కసారీ రాలేదు పిచ్చిది. ఆఖరిదన్నావుగా."



ఆట మొదలైంది. చెల్లెలు ఆలస్యంగా వచ్చిన ఒకామెను వెంటబెట్టుకొచ్చి, గుసగుసగా అంది. "ఈవిడ సీటు ఇద్దరికి పడిందన్నయ్యా, ఇంకెక్కడా చోటు లేదు. ఆ మూల ఖాళీగా ఉందిగా, ఇచ్చేయ్."

మామగారు రుమాలు మీద చెయ్యి వేశాడు. "మనిషుందమ్మా."

చెల్లెలు అన్న ముఖంలోకి చూసింది. పొద్దుటి ఒట్టు ఆ చూపులో ఉంది.

"ఉంది," అన్నాడతను. "నా కుర్చీ ఇవ్వు ఆవిడకి."

తలుపు పక్కన నిలబడే ఆట చూశాడు. వేదిక మీద మనిషి కుక్కలా మొరిగాడు, రైలులా కూశాడు, అలిగిన పెళ్లాంలా మాట్లాడాడు. హాలంతా పొట్టలు పట్టుకుంది. స్తంభం వెనక నుంచి మామగారి నవ్వు కూడా ఒకసారి వినిపించింది, సన్నగా, దగ్గులాగా.

దీపాలు వెలిగాయి. జనం కుర్చీలు జరుపుకుంటూ వెళ్లిపోయారు.

"మామయ్యా, ఆట అయిపోయింది. పదండి."

ముసలాయన తల గోడకానించి, వేదిక వైపే చూస్తున్నాడు. భుజం పట్టి కదిపితే తల పక్కకి వాలింది. చెయ్యి అప్పటికే చల్లబడింది.

కాపలావాడూ అతనూ కలిసి ఎత్తుకుని బయటికి తీసుకెళ్లారు. చెల్లెలు ఏడుస్తూ వెనక నడిచింది. దీపాలూ ఫ్యాన్లూ ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. ఖాళీ హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. మూల కుర్చీ మీద పరిచిన రుమాలు కొన ఒకటి ఆ గాలికి లేస్తూ, మళ్లీ పడుతూ ఉంది.