తిప్పి పంపిన బేలు

నేథన్ ప్రౌట్ పట్టుదారం కొనే మనిషి. అమెరికాలోని పేటర్సన్ ఊరి మగ్గాలకు జపాన్ దారం తెప్పించే పని మీద యోకొహామా రేవులో సగం జీవితం గడిపాడు. యుద్ధం వాసన తగలగానే కొట్టు కట్టేసి అమెరికా తిరిగొచ్చాడు. ఆ తర్వాత దారం రాలేదు. అతని దగ్గర మిగిలిన సరుకల్లా జపాన్ గురించి తెలిసిన సంగతులే. వాటిని కొనేది సైన్యం ఒక్కటే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర కూడా వాడే చెబుతాడు. అందుకే 1945 మే నెలలో వాషింగ్టన్ నుంచి కబురు రాగానే ప్రౌట్ మారుమాట్లాడకుండా రైలెక్కాడు.

గదిలో ఇద్దరున్నారు. ఒకరు కల్నల్ మేబ్రీ, నున్నగా గీసిన గడ్డం, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. ఇంకొకరు ప్రొఫెసర్ లెంక్. ఆయన కోటు చేతికి సుద్దపొడి అంటుకుని ఉంది.

"కూర్చోండి ప్రౌట్ గారూ," అన్నాడు కల్నల్. "మేమేం చెయ్యబోతున్నామో చెప్పం. మీరు అడగొద్దు. మేం అడిగినదానికి చెప్పండి చాలు."

"నా వ్యాపారమంతా అలాగే సాగింది లెండి."

కల్నల్ ఒక కాగితం ముందుకు జరిపాడు. నాలుగైదు జపాన్ ఊళ్ళ పేర్లున్నాయి.

"వీటిలో ఒక్క ఊరి మీద ఒకే ఒక్కటి వేస్తాం. దాంతో యుద్ధం ఆగాలి. ఏ ఊరు పోతే వాళ్ళ గుండె జారుతుందో మీరు చెప్పాలి."

"ఊరు పెద్దదై ఉండాలి," అన్నాడు ప్రొఫెసర్. "ఇదివరకు దెబ్బ తిననిదై ఉండాలి. లేకపోతే మేం చేసింది ఎంతో కొలవలేం."

"కొత్త రంగు అద్దేవాడు తెల్లబట్ట అడుగుతాడు," అన్నాడు ప్రౌట్.

"సరిగ్గా అదే!" ప్రొఫెసర్ మొహం విప్పారింది. తన పని ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాళ్ళు ఆయనకు అంతవరకు తగల్లేదు.

ప్రౌట్ జాబితా చూశాడు. యోకొహామా ఉంది. యోకొహామాలో ఒనుకి ఉన్నాడు.

ఒనుకి జింపాచి పట్టు కమిషన్ వ్యాపారి. ఆ రేవులో బేరం పద్ధతి వేరు. అమ్మేవాడు ముందు దారం మూటలను, అంటే బేళ్ళను, కొనేవాడి గోదాముకు చేరుస్తాడు. కొనేవాడు వాటిమీద తన ముద్ర వేసి, వారాల తరబడి పరీక్ష చేస్తాడు. ముద్ర ఉన్నన్నాళ్ళు ఆ బేలు వైపు ఇంకొకడు కన్నెత్తి చూడడు. నచ్చితే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చప్పట్లు కొడతారు, అంతటితో బేరం ముగిసినట్టు. నచ్చకపోతే సుద్దతో అడ్డగీత గీసి తిప్పి పంపుతాడు. దాన్ని రేవులో 'పెకె' అంటారు. పెకె అయిన బేలు వీధిలోకి వచ్చిందో లేదో, అంతవరకు చేతులు కట్టుకుని కూర్చున్న మిగతా కొనుగోలుదార్లు దానిమీద పడతారు. ఇలాంటి పెకెలు ప్రౌట్ వందలు పెట్టాడు, ఒనుకి వందలు మోసుకుపోయాడు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఇరవైమూడులో వచ్చిన పెద్ద భూకంపం నాడు గోదాము దూలం ప్రౌట్ ఎడమకాలి మీద పడితే దాన్ని ఎత్తింది ఒనుకి. ఆ కాలు ఇప్పటికీ చలికి సలుపుతుంది. సలపడానికి కాలంటూ ఉందంటే అది ఒనుకి చలవే.

ముందు ప్రౌట్ అసలు బేరాన్నే కదిపి చూశాడు.

"వాళ్ళతో మాటలు ఎక్కడ ఆగాయి?"

"మాటల్లేవు. ఏ షరతూ లేకుండా లొంగాలి."

"వాళ్ళు ఏం మిగుల్చుకోవాలనుకుంటున్నారు?"

కల్నల్ ప్రొఫెసర్ వైపు చూసి, "చక్రవర్తిని ఉంచమంటారని కొందరి ఊహ," అన్నాడు.

"ఉంచండి. మనకెందుకూ ఆయన? పాత తక్కెడలా వాళ్ళ కొట్లోనే పడి ఉంటాడు. ఉత్త చేతులతో ఇంటికి పొమ్మంటే ఏ వర్తకుడూ చప్పట్లు కొట్టడు కల్నల్ గారూ. తెగేదాకా లాగితే దారం రెండువైపులా పోతుంది."

"ఆ సంగతి చూసుకోవడానికి మా పైవాళ్ళున్నారు."

"పోనీ శాంపిల్ చూపించండి. సముద్రంలో ఎక్కడో వేసి, చూడండర్రా అనండి."

"అది పేలకపోతే? నవ్వుతారు."

"పైగా ఉన్నవి కొన్నే," అన్నాడు ప్రొఫెసర్, మాట జారినట్టు.

"అలాగా. సరుకు తక్కువ, శాంపిల్ ఇవ్వలేరు," అన్నాడు ప్రౌట్. వర్తకుడిగా అతను దాన్ని తప్పు పట్టలేకపోయాడు.

బేరం ఆగదని తేలాక, ఒక్క బేలైనా దక్కించుకోవాలి. దానికి అతనికి తెలిసిన విద్య ఒకటే, సరుకులో లోపాలు ఎంచడం.

"యోకొహామా ఎందుకండీ?" అన్నాడు, కాగితాన్ని వేలితో కాస్త పక్కకు తోస్తూ. "అది ఊరేనా? భూకంపానికి కూలిపోతే మళ్ళీ కట్టిన రేకుల బజారు. రేవు ఎండిపోయింది. గోదాముల్లో ఎలుకలు తప్ప ఏమీ ఉండవు. అసలు అది తెల్లవాళ్ళ కోసం పుట్టిన ఊరు. అది పోతే టోక్యోలో ఒక్కడు అన్నం మానడు."

"మా ఫొటోల్లో ఫ్యాక్టరీలు కనబడుతున్నాయే," అన్నాడు కల్నల్.

"ఫొటోలో నాసిరకం దారం కూడా మెరుస్తుంది."

ప్రొఫెసర్ నవ్వాడు. కల్నల్ పెన్సిల్ తీసి యోకొహామా మీద అడ్డంగా గీత గీశాడు. ఆ గీత ప్రౌట్‌కు బాగా పరిచయమున్న గీతే.

"మరి హిరోషిమా సంగతేమిటి?"

"అక్కడ తినడానికి ఆల్చిప్పలు బాగుంటాయని విన్నాను. నేనెప్పుడూ వెళ్ళలేదు."

తెలియని సరుకు గురించి ప్రౌట్ ఏనాడూ నోరు విప్పింది లేదు, ఆ రోజూ విప్పలేదు. కల్నల్ ఆ పేరు అలాగే ఉంచాడు. ప్రౌట్ బయటికొచ్చి హోటల్లో చేపముక్క, బంగాళాదుంపలు తిన్నాడు. చేప తాజాగా ఉంది.

ఆ నెల చివర్లో పేటర్సన్‌లో పొద్దున్నే కాఫీ తాగుతూ పత్రిక తెరిస్తే యోకొహామా తగలబడిన వార్త ఉంది. కొత్తది కాదు, ఒక్కటీ కాదు. మామూలు నిప్పు బాంబులు, వందల విమానాలు, పట్టపగలు. ఊళ్ళో చాలా భాగం ఒక్క పూటలో బూడిదైందని రాశారు. కాఫీ తాగడం పూర్తిచేసి, టోపీ పెట్టుకుని, ప్రౌట్ మళ్ళీ వాషింగ్టన్ రైలెక్కాడు.

కల్నల్ వరండాలోనే దొరికాడు.

"మీరు కొట్టేశారుగా ఆ పేరు! నా కళ్ళముందు కొట్టేశారు."

"కొట్టేశాం. అందుకే మరి."

"అందుకే అంటే?"

"ఏవండీ, మా జాబితాలో ఉన్న ఊరిని మామూలు బాంబులవాళ్ళు ముట్టుకోకూడదు. అది మాకూ వాళ్ళకూ ఉన్న మాట. ప్రొఫెసర్‌కి తెల్లబట్ట కావాలన్నది మీరే కదా? యోకొహామా ఎప్పుడిస్తారని వాళ్ళు మొదట్నించీ పీకుతూనే ఉన్నారు. మీరు వద్దన్నారు. మాకు అక్కర్లేదని వాళ్ళకు చెప్పేశాం."

ప్రౌట్ అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు. ముద్ర తీసిన బేలు ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పాలా? ప్రపంచంలో ఆ ఒక్క సంగతి ఎవడికైనా తెలుసంటే అతనికే తెలుసు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. వద్దన్నా కొరివే అవుతుందన్నది అతని లెక్కలోకి రాలేదు.

"మరీ బాధపడకండి," అన్నాడు కల్నల్ మెత్తగా. "జాబితాలో ఉండిపోతే ఇంకా ఘోరంగా ఉండేది."

అది అబద్ధం కాదని ఆగస్టులో తెలిసింది. రెండు ఊళ్ళు పోయాయి. కొద్ది రోజులకే జపాన్ లొంగింది. చక్రవర్తి ఎక్కడివాడక్కడే ఉన్నాడు. మే నెలలో ప్రౌట్ చెప్పిన ధరకే బేరం తెగింది, పైన రెండు ఊళ్ళు కొసరు. ఆ మాటే కల్నల్‌తో అన్నాడు.

"అప్పుడే మీ మాట విని ఉంటే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళని గ్యారంటీ ఉందా?" అన్నాడు కల్నల్.

"లేదు. ఆడని బేరానికి గ్యారంటీ ఎవడిస్తాడు?"

మరుసటి శీతాకాలం సైన్యమే అతన్ని యోకొహామా పంపింది. గోదాముల్లో ఏదైనా దారం మిగిలుంటే చూసి కొనమన్నారు. ఒనుకి బతికున్నాడని రేవులోనే చెప్పారు. పాత కొట్టు ఉన్నచోట, కాలి మెలితిరిగిన రేకులతో వేసిన పాక ముందు కూర్చుని, ఒనుకి కత్తితో చిలగడదుంప తొక్క తీస్తున్నాడు.

"ఏవయ్యా ప్రౌట్ సాన్! గెలిచినవాళ్ళు లావెక్కుతారనుకున్నాను. నీకు జుట్టు మాత్రమే తగ్గింది."

"నువ్వూ అలాగే ఉన్నావులే."

"నేనెక్కడున్నాను? సగమే ఉన్నాను. రా, లోపలికి రా. తల వంచు. రేకు గీసుకుంటే మందు లేదు."

లోపల మట్టి కుంపట్లో నాలుగు బొగ్గులున్నాయి. మూల చిన్న బల్ల మీద తెల్లగుడ్డ కట్టిన పెట్టె ఉంది. అలాంటి పెట్టెలో అస్థికలుంటాయని ఆ దేశంలో ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రౌట్ టోపీ తీశాడు.

"ఒతానె," అన్నాడు ఒనుకి. అది అతని భార్య పేరు. "దుంపల కోసం నేను పల్లెకు వెళ్ళిన రోజు. వచ్చేసరికి కాలవ దగ్గర ఉంది."

వేయించిన బార్లీ కాచిన నీళ్ళు రెండు గిన్నెల్లో పోశాడు.

"తప్పు నాదేలే," అన్నాడు. "టోక్యో కాలింది. పక్కన కవాసాకి కాలింది. మా నడిబజారులో ఒక్క పెంకు పగల్లేదు. కొండమీద తెల్లవాళ్ళ సమాధులున్నాయి, అందుకే వదిలారని జనం అన్నారు. నాకు నవ్వొచ్చింది. కాదే ఒతానె, ఎవడో పెద్ద కొనుగోలుదారు మన మీద ముద్ర వేసి పక్కన పెట్టుకున్నాడు, ముద్ర ఉన్న బేలుకు భయం లేదు, పల్లెకు పోతే ఈ పరుపులు ఎవరు చూస్తారు, ఇక్కడే ఉండు అన్నాను. చూశావా నా తెలివి! ముద్ర ఉందని కనిపెట్టాను గానీ, వాడు పెకె పెడతాడని తట్టలేదు."

ప్రౌట్ గిన్నె కింద పెట్టాడు.

"నువ్వు పెద్దవాళ్ళతో తిరుగుతావు కాబట్టి ఒక్కటి అడుగుతాను. ఎవడు పెకె పెట్టాడో నాకక్కర్లేదు. కొనేవాడి ఇష్టం. ఏం లోపం చూసి పెట్టాడంటావు?"

రేకుల బజారు, ఎలుకలు, నాసిరకం దారం. చెప్పడానికి చాలా లోపాలున్నాయి. అన్నీ ప్రౌట్‌కు కంఠతా వచ్చు.

"లోపం లేదు ఒనుకీ," అన్నాడు. "సరుకు మంచిదే. పక్కన పెడితే చస్తుందని భయపడి తిప్పి పంపాడు."

ఒనుకి అతని మొహం కేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమకాలి వైపు చూశాడు.

"సలుపుతోందా?"

"చలికి."

"ఊఁ." ఒనుకి కాలితో కుంపటిని అతని వైపు కొంచెం తోశాడు. 

కాసేపటికి లేచి, నేలలో పాతిపెట్టి దాచిన బేలు తీసుకొచ్చాడు. ఒక్కటే మిగిలింది. కట్టు విప్పి ఒక దారం చిలప చేతికిచ్చాడు. ప్రౌట్ దాన్ని వెలుగుకు పట్టి చూసి తిరిగి ఇచ్చాడు.

"లోపం చెప్పవేం? లోపం చెప్పకుండా కొంటే నిన్ను దొంగ అనుకుంటారు. ఇదిగో, ఇక్కడ ముడి కనబడ్డంలేదూ?"

"కనబడింది."

"మరి? ముద్ర తెచ్చావా?"

"తేలేదు. పక్కన పెట్టేది లేదు. ఇప్పుడే తీసుకుపోతాను. ధర నువ్వే చెప్పు."

ఒనుకి చెప్పాడు. అది ఎక్కువా కాదు, తక్కువా కాదు. ప్రౌట్ తలూపి లేచి నిలబడ్డాడు. ఒనుకీ అతని ఎదురుగా నిలబడ్డాడు. అలవాటు కొద్దీ నాలుగు చేతులూ పైకి లేచాయి.

ఒనుకి మూలనున్న తెల్లగుడ్డ వైపు చూసి చేతులు దించేశాడు.

"చప్పట్లు వద్దులే," అన్నాడు. "చప్పుడైతే దానికి నిద్ర పట్టదు."