లుజైన్ తాగేసిన కాఫీ

మా నలుగురి జట్టుకు లుజైన్ నాయకురాలు. మేమేమీ ఎన్నుకోలేదు. మొదటిరోజే తను చెప్పింది, మేం తలూపాం. మా కరక్ ఊళ్లోనే ఇంజనీరింగ్ చివరి ఏడాది మాది. ఎండతో నడిచే చిన్న నీటి పంపు చేసి చూపించాలి. ఏ పరీక్షలోనూ ఎవరికీ మొదటి స్థానం వదలని పిల్ల కాబట్టి, తన వెనకాల నడిస్తే గట్టెక్కుతామని మా ఆశ. నాకైతే మరీ హాయి. నేనొక బోల్టు బిగిస్తే తను విప్పి మళ్లీ బిగించేది. దాంతో బిగించడమే మానేశాను.

ఖుతైబాకు మాత్రం ఆ హాయి నచ్చలేదు. మోటారు పని మాలో నిజంగా వచ్చినవాడు వాడొక్కడే. ఓ రోజు లుజైన్ వాడు వేసిన వైర్లన్నీ పీకేసి, అందరి ముందూ "నీకు చేతకాదు, పక్కన కూర్చో" అంది. వాడు పక్కన కూర్చోలేదు, ఇంటికెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫోనెత్తలేదు. పంపు కూడా తిరగడం మానేసింది.

సంగతి మాకు పాఠాలు చెప్పి మార్కులు వేసే డాక్టర్ గారి చెవిన పడింది.

"నలుగురూ వచ్చి ఎవరి వంతు వాళ్లు చెప్పాలి. ఒక్కరు తగ్గినా జట్టంతా తప్పినట్టే," అన్నారు. "ఏమ్మా లుజైన్, మార్కులు తెచ్చుకోవడం నీకు బాగా వచ్చు. మరి మనుషుల్ని తెచ్చుకోవడం?"

లుజైన్ ముఖం పాలిపోయింది. భయం నాకూ వేసింది. నాకు పట్టా వచ్చిన రోజు కోయాలని మా అమ్మ అప్పటికే గొర్రెను మేపుతోంది.

"జాహా వెళ్దాం," అంది లుజైన్.

మా దగ్గర పిల్లనడగాలన్నా, తగువు తీర్చాలన్నా పెద్దమనుషులు అలా జాహాగా కలిసి వెళ్తారు. వాళ్లలో పెద్ద తన కాఫీ కప్పును తాగకుండా కింద పెడతాడు. కోరింది ఇస్తామన్నాకే తాగుతాడు.

"ఆడపిల్ల ముందు నడిచే జాహానా? ఊరంతా నవ్వుతుంది," అన్నాను.

"నవ్వనీ. మాట్లాడేది నేనే. రకాన్, నువ్వు నోరు మూసుకుని కూర్చో. సనద్, నువ్వూనూ."

సనద్‌కి ఆ మాట అక్కర్లేదు. వాడు నోరు తెరిచిందెప్పుడు గనక!

ఖుతైబా తాత అబూ నాయిఫ్ మమ్మల్ని పరుపుల మీద కూర్చోబెట్టాడు. ఇంట్లో చిన్నవాడు కాబట్టి కాఫీ పోయడం ఖుతైబా వంతే అయింది. మా ముఖాలు చూడకుండానే పోశాడు. దారి పొడుగునా ప్రసంగం వల్లెవేసి లుజైన్ గొంతు ఎండిపోయిందేమో, కప్పు అందుకుని ఒక్క గుక్కలో తాగేసింది. పైగా అలవాటు కొద్దీ కప్పు అటూ ఇటూ ఊపి, ఇక చాలన్నట్టు తిరిగి ఇచ్చేసింది.

తాత ఆ ఖాళీ కప్పు వైపు చూశాడు.

"హాయిగా తాగావు తల్లీ," అన్నాడు తాత. "అయితే అడిగేదేమీ లేదన్నమాట. ఊరికే చూసిపోదామని వచ్చారా?"

లుజైన్ చెవులదాకా ఎర్రబడింది. ఖుతైబా చేతిలో కాఫీ కూజా వణికింది. వెధవ నవ్వాపుకుంటున్నాడు.

నా కప్పు నిండుగానే ఉంది. నోరు మూసుకోమంది కదా, మూసుకునే ఉన్నాను. లుజైన్ దానివైపు చూసింది, నావైపు చూసింది.

"తాతా, ఈ జాహాకి పెద్ద నేను కాదు. రకాన్," అంది.

తను నాకు అప్పగించిన మొదటి పని అదే. కప్పు కింద పెట్టాను.

"తాతా, మాకు ఖుతైబా కావాలి. వాడు లేకపోతే పంపు తిరగదు. అవమానించింది లుజైన్. చూస్తూ కూర్చుంది మేము. తప్పు ముగ్గురిదీ."

సనద్ తన కప్పు నా కప్పు పక్కన పెట్టి, "అవును," అన్నాడు. వాడి ప్రసంగం అయిపోయింది.

"అడగాల్సింది నన్ను కాదు," అన్నాడు తాత. "కాఫీ పోసినవాణ్ని."

ఖుతైబా లుజైన్ వైపు తిరిగాడు. "వస్తే మళ్లీ నా వైర్లు పీకుతావా?"

"పీకను. నీకు చేతకాదన్నది అబద్ధం. ఇంకొకరి చేతిలో పెడితే చెడిపోతుందేమోనని నాకెప్పుడూ భయం. నన్ను క్షమించు."

"నా వంతు నేనే చెప్తా. మధ్యలో అందుకోకూడదు."

"అందుకోను."

"నువ్వా!" అన్నాం ముగ్గురం ఒక్కసారే. సనద్ కూడా.

తాత పడీపడీ నవ్వాడు. "తాగండర్రా మీ కాఫీ. మీరు కోరినవాడు మీవాడే."

చల్లారి మరింత చేదెక్కిన ఆ కాఫీ నాకెంత రుచిగా అనిపించిందో చెప్పలేను.

చూపించే రోజున పంపు చక్కగా తిరిగింది. అయితే మోటారు గురించి చెబుతూ ఖుతైబా ఉన్నట్టుండి ఆగిపోయాడు. మాట మరిచాడు. డాక్టర్ గారు లుజైన్ వైపు చూశారు. జవాబు తనకు తెలుసు. పెదవులు కదిలాయి. అయిపోయింది మా పని అనుకుని కళ్లు మూసుకున్నాను.

తన గొంతు వినపడలేదు. కళ్లు తెరిచి చూస్తే, లుజైన్ బల్ల మీది గ్లాసెత్తి నోటినిండా నీళ్లు పట్టింది. బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, చెప్పు చెప్పు అన్నట్టు ఖుతైబాకి తలూపుతోంది. వాడికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటే మాటా వచ్చింది. ఇక ఆగకుండా చివరిదాకా చెప్పాడు.

డాక్టర్ గారు "బాగుంది" అన్నాకే లుజైన్ ఆ నీళ్లు మింగింది.