పదో సీసా

నేను ఒక చిన్న గాజు సీసాను. పాము కాటుకు విరుగుడు మందు నాలో తెల్లటి పొడిగా ఉండేది. ఉండేది అన్నాను, గమనించారు కదా. ఇప్పుడు ఖాళీ.

నా కన్నతల్లి ఎవరంటే ఒక గుర్రమని చెప్పాలి. నాలుగు జాతుల పాముల విషం దానికి కొంచెం కొంచెంగా ఎక్కించి, అది తట్టుకుని నిలిచాక దాని నెత్తురు తీసి, శుద్ధి చేసి, ఆరబెట్టి నన్ను నింపారు. పాము కరిచేది మనిషిని, మధ్యలో గుర్రానికెందుకయ్యా ఈ తిప్పలు? పాపం, దాని పేరైనా నా చీటీ మీద రాయలేదు.

తిరిగి తిరిగి మేం పదిమందిమి ఒక పల్లె ఆసుపత్రి ఫ్రిజ్‌లో చేరాం. మొదటి విడతకే పది సీసాలు కావాలి. అంటే మేమందరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం. నర్సు అనసూయ రోజూ తలుపు తీసి చల్లదనం సరిగ్గా ఉందో లేదో చూసేది. డాక్టరు వంశీధర్‌కి మాత్రం మేమంటే హడలు. చదువుకునే రోజుల్లో ఈ మందు పడక ఒకామె ఊపిరాడక కొట్టుకోవడం చూశాడట. పాముకు భయపడేవాళ్లను చూశాను గానీ, విరుగుడుకు భయపడేవాణ్ణి ఈయన్నే చూశాను.

మినుము చేలు పీకే రోజులు. మధ్యాహ్నం మూడింటికి ఆటోలో దయామణి అనే కూలీ మనిషిని తీసుకొచ్చారు. ముప్పై ఏళ్లుంటాయేమో. కుడిచెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. చిగుళ్లలోంచి నెత్తురు వస్తోంది. వెంట ఆమె తల్లి మార్తమ్మ ఉంది.

"ఎప్పుడు కరిచింది?" అన్నాడు డాక్టరు.

"పొద్దున పదింటికండీ."

"అయిదు గంటలు ఏం చేశారమ్మా?"

మార్తమ్మ కొంగు ముడి విప్పి, సగం కొరికిన పచ్చిమిరపకాయ తీసి చూపించింది. "చద్దన్నంలోకి తెచ్చుకున్నదండీ. ఇది నమిలించాను. కారంగా ఉందంది, కళ్లెంట నీళ్లు కూడా కారినియ్. ఇసం ఎక్కితే కారం తెలవదు గదండీ? అందుకని గట్టు మీద కూకోబెట్టాను. నేనే కూకోబెట్టానయ్యా!"

ఆ చుట్టుపక్కల అందరూ చేసే పనే అది. విషం లేని పాము కరిచి ఎవరు బతికినా ఆ పేరంతా మిరపకాయే కొట్టేసింది. దయామణిని కరిచింది రక్తపింజర. దాని విషం నాలుక జోలికి పోదు, నెత్తురును పాడుచేస్తుంది. ఆ సంగతి మార్తమ్మకు ఎవరు చెప్పారు గనక? ఆ చేను ఇక్కడికి మూడు కిలోమీటర్లు. ఆ అయిదు గంటలూ నేను ఫ్రిజ్‌లో ఊరికే కూర్చున్నాను.

అనసూయ దయామణి నెత్తురు కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టింది. ఇరవై నిమిషాల్లో గడ్డకట్టాలి. సమయం అయ్యాక వంచి చూస్తే నీళ్లలా జారింది.

"జిల్లా ఆసుపత్రికి పంపేద్దాం సిస్టర్. ఇక్కడ రియాక్షన్ వస్తే?" అన్నాడు డాక్టరు.

"రెండు గంటల దారి సార్. దార్లో ఎవరిస్తారు? వస్తే చూసుకుందాం, ఆ ఇంజక్షన్ పక్కనే పెట్టుకుందాం."

ఆయన రియాక్షన్‌కి ఇచ్చే ఆ ఇంజక్షన్ తనే సిరంజిలోకి ఎక్కించి పెట్టుకున్నాడు. మమ్మల్ని కరిగించేటప్పుడు గిలకొట్టకూడదు, నురగ వస్తుంది. అనసూయ ఒక్కొక్కరినీ అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పింది. అందరికంటే చివర నేను. అందరం సెలైన్‌లో కలిసి చుక్కచుక్కగా దిగాం. సగంలో దయామణికి మెడ మీద దద్దుర్లు లేచాయి, వణుకు పుట్టింది. డాక్టరు వెంటనే సెలైన్ ఆపి తొడకు ఇంజక్షన్ ఇచ్చాడు. ఆమె తేరుకున్నాక మళ్లీ వదిలాడు. ఇన్నేళ్లుగా ఆయన భయపడింది వచ్చింది, వచ్చి పోయింది కూడా. శభాష్ అనుకున్నాను.

చిగుళ్ల నెత్తురు తగ్గింది. కానీ పొద్దుటి నుంచి మూత్రం రాలేదని తెలిసి డాక్టరు ముఖం మాడిపోయింది. అంబులెన్సు పిలిపించి తల్లీకూతుళ్లను జిల్లా ఆసుపత్రికి పంపాడు. నన్ను కిటికీ పక్కన పగిలిన గాజు వేసే పెట్టెలో పడేశారు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. కిడ్నీలు పాడై దయామణి చనిపోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేదని అక్కడివాళ్లు అన్నారట. నేను చెయ్యగలిగిందంతా చేశాను, అయినా ఈ ఖాళీ నాకు బరువుగానే ఉంది.

చెత్త బండి వారమైనా రాలేదు. అందుకే మార్తమ్మ మళ్లీ రావడం చూడగలిగాను. కిటికీ అవతల బల్ల మీద కూర్చుంది. అనసూయ వెళ్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మార్తమ్మ చెయ్యి విడిపించుకుని కొంగు ముడి విప్పింది. అదే మిరపకాయ, వడిలి ముడతలు పడింది. మిగిలిన సగం నోట్లో వేసుకుని నమిలింది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

"కారంగానే ఉంది సిస్టరమ్మా," అంది. "నా బిడ్డ అబద్ధం చెప్పలేదు."