ప్రతిభా సెక్షన్ మైక్రోస్కోపు

నేను ఒక మైక్రోస్కోపును. అంబాలాలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టి, గడ్డి కుక్కిన పెట్టెలో కరీంనగర్ వైపు ఒక సర్కారు హైస్కూలుకు వచ్చాను. మొదట్లో అందరి చేతుల్లోనూ నలిగాను. ఉల్లిపొర, ఈగ రెక్క, ఒకసారి ఎవరి తలలోదో పేను కూడా నా కింద పెట్టారు. ఇంట్లో చంపే పేనును బడిలో అంత మర్యాదగా చూడడం మనుషులకే చెల్లింది.

కొత్త హెడ్మాస్టరు సుదర్శనం సారు చెడ్డవాడు కాదు. చురుకైన పిల్లలు గుంపులో వెనకబడిపోతున్నారని ఆయన దిగులు. ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి ముప్పై మందిని ఏరి, ప్రతిభా సెక్షన్ అన్నాడు. నన్ను ఆ గది బీరువాలో పెట్టించాడు.

ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఇచ్చారు. ప్రైవేటు బడిలో చదివి వచ్చిన దేదీప్యకు సీటొచ్చింది. ఆమె పక్కనే కూర్చునే నస్రీన్‌కు రాలేదు. అంతకుముందు నాలోంచి చూడడానికి రెండోసారి కూడా వరుసలో నిలబడిన పిల్ల నస్రీన్ ఒక్కతే. దేదీప్యకు మాత్రం సీటొచ్చాక నిద్ర కరువైంది. దసరా తర్వాత మళ్లీ పరీక్ష, మార్కులు తగ్గితే వెనక్కే. నా మీద వంగినప్పుడల్లా ఆమె ఊపిరి నా అద్దాన్ని మసకబార్చేది.

సైన్సు చెప్పే నాగజ్యోతి టీచర్ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ప్రశ్నే అర్థం కాకపాయె సార్, పిల్లలు జవాబెట్ల రాస్తరు?"

"ఉన్నది ఒక్క మైక్రోస్కోపు టీచర్. అందరికీ పంచితే ఎవరికీ అందదు," అన్నాడాయన. అయినా ఆలోచించి, రెండో పరీక్ష తెలుగులో కూడా పెట్టించాడు.

ఈసారి నస్రీన్ నెగ్గింది. సీట్లు మాత్రం పెరగలేదు. దేదీప్య సంచీ సర్దుకుని, మిగిలినవాళ్లుండే బి సెక్షన్‌కు వెళ్లిపోయింది.

మొదటిరోజు నస్రీన్ నా ముందు కూర్చుంది గాని కన్ను పెట్టలేదు.

"టీచర్, నేనొచ్చినందుకే దేదీప్య పోయిందా?"

టీచర్ నన్ను ఎత్తుకుని వరండాలోకి నడిచింది. ఎదురుగా సుదర్శనం సారు వచ్చాడు. ఎక్కడికని అడిగితే బి సెక్షన్‌కని చెప్పింది. ఆమె అరచేతుల చెమట నాకు అంటింది. ఆయన గడియారం చూసుకున్నాడు.

"పీరియడ్ అయ్యేలోపు తెచ్చి పెట్టండి," అని పక్కకు తప్పుకున్నాడు.

బి సెక్షన్‌లో వరుస గుమ్మం దాటింది. ఒకరినొకరు తోసుకున్నారు. టీచర్ తొందరపెట్టే కొద్దీ ఎవరికీ ఏమీ సరిగా కనబడలేదు. సగం మంది కూడా చూడకముందే గంట కొట్టారు. దేదీప్య చివర నిలబడి ఉంది.

"రేపు నువ్వే ముందట," అంది టీచర్, సారు గది కిటికీ వైపు చూస్తూ.

దేదీప్య తలూపి, నన్ను తీసుకెళ్లడానికి దారి ఇచ్చింది.