బొంగురుపోయిన గొంతు

కసావా దుంపలకు చెక్కు తీస్తూ వంటింట్లోంచి పిల్లల్ని ప్రార్థనకు కేకేశాను. "ఒరేయ్, మీ నాన్న పిలుస్తున్నాడు, లేవండి" అంది మా అత్తగారు. పక్కనే ఉన్న మా ఆయన సియోసైయా పగలబడి నవ్వాడు. "నేనిక్కడుంటే! ఇంట్లో ఇద్దరు మొగుళ్ళం తయారయ్యామే!"

నేనూ నవ్వాను. ముప్పై ఆరేళ్ళకే నెలసరి ఆగిపోయి, గడ్డం మీద వెంట్రుకలు మొలిచి, గొంతు బొంగురుపోతే నవ్వక ఏం చెయ్యను? ఆరోగ్య కేంద్రంలో "వయసమ్మా" అని పంపేశారు. మా ఆయన కత్తితో దొంగతనంగా గడ్డం గీసుకుని, వంట చేసి, అత్తగారికి స్నానం చేయించి, పాఠాలు చెప్పడానికి బడికి పరుగెత్తేదాన్ని. చర్చిలో పాటలప్పుడు ఆడవాళ్ళ వరసలో నిలబడి, గొంతు బయటపడకుండా ఉత్తినే పెదాలు కదిపేదాన్ని. ఆ సిగ్గుతో సగం చచ్చాను.

పక్కన పాడే ఫుసిపాల వదిన అది కనిపెట్టింది. ఆమె మా ఆయనకు అక్క. మా టోంగాలో అక్క మాటకు తమ్ముడు ఎదురు చెప్పడు, ఒంటి సంగతులు వాళ్ళిద్దరి ముందు చచ్చినా ఎత్తకూడదు. అలాంటిది ఆ ఆదివారం భోజనాల దగ్గర, తమ్ముడి ఎదుటే అడిగేసింది.

"అనసేయినీ, నీకు నెలసరి ఎప్పుడాగింది?"

మా ఆయన చేతిలో చేపముక్క అలాగే ఉండిపోయింది. "సిగ్గు లేదుటే!" అంది అత్తగారు.

"సిగ్గుపడుతూ కూర్చుంటే దీన్ని పాతిపెట్టాలమ్మా. ఒరేయ్ సైయా, రేపు దీన్ని ఆస్పత్రికి తీసుకుపోతున్నా. వంట నువ్వే."

రక్తంలో మగ హార్మోను విపరీతంగా ఉందన్నారు. స్కానింగులో అండాశయంలో గడ్డ కనబడింది. చాలా అరుదైన క్యాన్సరట, ఆ హార్మోనును తయారుచేస్తున్నది అదేనట. ఆక్లాండ్ పంపి ఆపరేషన్ చేయించారు, తర్వాత కీమో. పెళ్ళిళ్ళలో అందరికంటే మేలైన చాప మీద కూర్చోబెట్టే మా వదిన, నా వాంతుల గిన్నె పట్టుకుంది. ఆవిడకు ఏమిస్తే సరిపోతుంది? తల్చుకుంటే ఇప్పటికీ కళ్ళు నిండుతాయి.

గడ్డ పోయింది, నేను బతికాను. గొంతు మాత్రం ఇక మారదని చెప్పింది డాక్టరమ్మ.

"పాటకి రా, కానీ వెనక నిలబడు. పెదాలు కదిపితే చాలు, ఎవరికీ తెలీదు" అన్నాడు మా ఆయన, మెల్లగా, నా మంచికే అన్నట్టు.

"మీరంతా నవ్విన ఈ గొంతే నా జబ్బు సంగతి ముందు చెప్పింది సైయా. దీన్నెలా నోరుమూసుకోమంటాను?"

ఆదివారం చర్చిలో నేరుగా మగవాళ్ళ వరసలోకి, మా ఆయన దగ్గరికి నడిచి, "కాస్త జరుగు" అన్నాను.

జరిగాడు.