మెట్ల కింది బల్ల

దగ్గు ఆపుకోలేక డైనా శాలువా అంచు నోట్లో కుక్కుకుంది. ఎనభై దాటిన ముసలమ్మ. ఆమె కూర్చున్న బల్లకి వీపు ఆనించుకునే చెక్కయినా లేదు. తలుపు సందులోంచి ఫిలడెల్ఫియా చలిగాలి ఈడ్చి కొడుతోంది. కూతురు కెజయా తల్లి చేతులు రుద్దుతూ ఇనప పొయ్యి వైపు చూసింది. దాని పక్క బల్ల ఖాళీగానే ఉంది. కానీ అది తెల్లవాళ్ళది. నల్లవాళ్ళకి మెట్ల కింద ఈ ఒక్కటే.

ఇది క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ప్రార్థన మందిరం. ఇక్కడ అందరూ మౌనంగా కూర్చుంటారు, దేవుడు లోపల్నించి కదిపాడనుకున్నవాళ్ళే లేచి మాట్లాడతారు. దేవుడి వెలుగు అందరి లోపలా ఉందంటారు వీళ్ళు. రాజు ఎదురైనా టోపీ తియ్యరు, జడ్జినైనా "నువ్వు" అనే అంటారు. బానిసలు పండించిన చక్కెర ముట్టరు. చేదు టీ తాగి ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటారు. కెజయానీ "నువ్వు" అనే అంటారు. ఆమెని "మీరు" అన్నవాడు ఆ ఊళ్ళో ఎన్నడూ లేడు కాబట్టి, ఆ సమానత్వం వాళ్ళకి ఉత్త పుణ్యానికే వచ్చింది. వాళ్ళ ఆడవాళ్ళ తెల్లటోపీలకి గంజి పెట్టి ఇస్త్రీ చేసేది ఆమే. ఆ చేతులు తాకిన టోపీ నెత్తికెక్కుతుంది గాని, ఆ మనిషి పక్కన కూర్చుంటే గౌను మైలపడుతుంది.

నల్లవాళ్ళు దాటి రాకుండా ఆ బల్ల చివర కాపలా కూర్చున్నది కేలెబ్ యార్నల్, బానిసత్వం తప్పని ఊరూరా ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి. కెజయా అతని దగ్గరికి వంగింది.

"కేలెబ్, మా అమ్మకి ఒళ్ళు కాలిపోతోంది. కాసేపు పొయ్యి దగ్గర కూచోబెడతా."

"మీ చోటు ఇదేగా కెజయా," అన్నాడతను మెత్తగా. గట్టిగా మాట్లాడితే పాపమాయె. "నాకేం లేదు. మిగతావాళ్ళు నొచ్చుకుంటారు."

"నీ లోపలి వెలుగు మెట్ల కిందికి చేరదా?"

"ఓపిక పట్టు. అన్నీ మెల్లగా మారతాయి."

"మారేదాకా మా అమ్మ చోట్లో నువ్వు కూచో, పో!"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తల్లిని పొదివి పట్టుకుని, అందరూ చూస్తుండగా నడిపించుకెళ్ళి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. ముందు వరస ఆడవాళ్ళు గౌన్లు దగ్గరికి లాక్కున్నారు. కేలెబ్ వెనకే వచ్చాడు. ఎవరిమీదా చెయ్యి వెయ్యకూడదన్నది వాళ్ళ మతం, పట్టి లేపలేడు.

"లే, డైనా," అన్నాడు.

ముసలమ్మ మంట వైపు చేతులు చాపింది.

"ఇక్కడ దేవుడు లోపల్నించి కదిపితేనే గదా నాయనా ఎవరైనా లేచేది? నన్నింకా కదపలేదు," అని కళ్ళు మూసుకుంది.